స్క్రీన్‌షాట్లు ఎక్కడ దాచాలి? వాట్సాప్, పింటరెస్ట్, అరీనా, ఈగిల్, ఫిగ్మా: ఏది మేలు?

వెబ్ డిజైన్ చేసేవాళ్లకు మంచి సైటు కనబడితే స్క్రీన్‌షాట్ తీయకుండా చెయ్యి ఊరుకోదు. తిరుపతిలో మాలాంటి చిన్న టీములకు వచ్చే పని ఎక్కువగా లాడ్జీలు, ట్రావెల్స్, క్లినిక్కులు, శ్రీకాళహస్తి కలంకారీ, వెంకటగిరి చీరలు అమ్మే షాపులు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు. ఈ క్లయింట్లు డిజైన్ గురించి బొమ్మలు చూసే మాట్లాడతారు. "మొన్న చూపించినావే సామీ, రేట్ల కింద పచ్చ బటన్ ఉండేది, అట్ల పెట్టు" అంటారు. అప్పుడు ఆ బొమ్మ దొరకాలి. అందులో అక్షరాలు సరిగ్గా కనబడాలి. అది ఏ సైటుదో తెలియాలి, ఎందుకంటే ఆ బటన్ నొక్కితే ఏమవుతుందో బొమ్మలో ఉండదు. దాన్ని ఎందుకు తీసి పెట్టుకున్నామో కూడా తెలియాలి.

ఏ టూల్ మేలో తేల్చడానికి నేను చూసేది ఈ నాలుగే. చివరి రెండూ, అంటే లింకూ కారణమూ, బొమ్మతో పాటే ఉండిపోతే ఆ టూల్‌కు సగం మార్కులు ముందే వేసేస్తాను. కారణం అంటే వ్యాసం రాయక్కర్లేదు. "ఏసీ, నాన్ ఏసీ రేట్లు ఒకే టేబుల్‌లో ఉన్నాయి, ఫోన్‌లో పక్కకు జరపకుండానే కనబడుతున్నాయి" అని ఒక్క ముక్క చాలు. ఆ ముక్క లేని స్క్రీన్‌షాట్ కొన్ని నెలలయ్యాక తీసినవాళ్లకే అర్థం కాదు, ఇంక టీములో పక్కవాళ్ల సంగతి చెప్పేదేముంది!

వాట్సాప్, టెలిగ్రామ్

మన దగ్గర దాదాపు అందరూ మొదలుపెట్టేది వాట్సాప్ గ్రూపుతోనే. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, క్లయింట్ కూడా అందులోనే ఉంటాడు. కానీ మామూలుగా పంపితే వాట్సాప్ బొమ్మను కుదించేస్తుంది. కొండ ఫోటోలో ఆ కుదింపు పెద్దగా తెలియదు. స్క్రీన్‌షాట్‌లో వెంటనే తెలిసిపోతుంది, ఎందుకంటే అందులో ఉండేదంతా సన్నటి అక్షరాలూ గీతలే. తెలుగు సైటయితే మరీ కష్టం, 'లక్ష్మి', 'రాష్ట్రం' లాంటి మాటల్లో వత్తులు అలుక్కుపోతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఆప్షన్ కొంత నయం. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, గ్రూపులో అందరికీ ఈ అలవాటు చేయించడం మంచిది.

అసలు ఇబ్బంది వెతకడంలో వస్తుంది. మంచి ధరల పేజీ ఒకటి, దాని కింద కరెంటు బిల్లు, ఆ కింద పెళ్లి పత్రిక, మళ్లీ ఒక హోమ్ పేజీ. బొమ్మ కింద క్యాప్షన్ రాసి ఉంటే వెతికినప్పుడు ఆ మాటతో దొరుకుతుంది, రాయకపోతే పైకి జరుపుకుంటూ పోవడమే.

టెలిగ్రామ్ ఇంతకంటే మేలు. స్క్రీన్‌షాట్ల కోసమే ఒక ప్రైవేట్ ఛానల్ పెట్టుకుని, ప్రతి బొమ్మనూ ఫైలుగా పంపి, కింద హ్యాష్‌ట్యాగ్ రాస్తే, ఆ ట్యాగ్ నొక్కగానే ఆ రకం బొమ్మలన్నీ వరుసగా వస్తాయి. అన్నీ క్లౌడ్‌లో ఉంటాయి కాబట్టి ఫోన్ మారినా పోవు. పైసా ఖర్చు లేకుండా ఈ రోజే మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఇది చెడ్డదారి కాదు. అయితే రెండు బొమ్మల్ని పక్కపక్కన పెట్టి చూడడం ఇందులో కుదరదు, డిజైన్ పనికి అది పెద్ద లోటే.

పింటరెస్ట్

బొమ్మల్ని బోర్డుల్లో పిన్ చేసి దాచుకునే సైటు పింటరెస్ట్, 2010లో మొదలైంది. వెతుక్కోవడానికి బంగారం. ఒక బొమ్మలో చిన్న భాగాన్ని ఎంచుకుంటే అలాంటివి మరికొన్ని చూపిస్తుంది. కలంకారీ షాపు సైటుకు రంగులు, అంచులు, లతలు వెతికేటప్పుడు దీనికి సాటి లేదు. సీక్రెట్ బోర్డు పెట్టుకోవచ్చు, టీమువాళ్లను అందులోకి పిలవచ్చు, బోర్డు లోపల విభాగాలు చేసుకోవచ్చు.

దాచుకోవడానికి మాత్రం నేను దీన్ని నమ్మను. అక్కడ దొరికే వెబ్ పేజీల్లో చాలావరకు ఎవరో ప్రాక్టీసు కోసం చేసిన ఊహా డిజైన్లు. డిజైనర్లు తమ పని చూపించుకునే డ్రిబ్బుల్ సైటులోనూ ఇదే వరస. చూడ్డానికి కళ్లు చెదురుతాయి, కానీ ఆ హోటల్ ఎక్కడా లేదు, ఆ బుకింగ్ ఎవరూ చేయలేదు. జీఎస్టీ లైను, రద్దు నిబంధనలు, ఇరవై నాలుగు గంటల చెక్ అవుట్ గొడవ, పక్కన తెలుగు మాట, ఇవేవీ ఆ డిజైన్లలో ఉండవు. మన లాడ్జి యజమాని అడిగేది సరిగ్గా అవే! పైగా ఎవరో పిన్ చేసినదాన్ని ఇంకెవరో పిన్ చేసి, చివరికి లింకు నొక్కితే వేరే పేజీకి పోవడం, ఏమీ తెరుచుకోకపోవడం మామూలే. పొడవాటి ఫుల్ పేజీ స్క్రీన్‌షాట్ పెడితే ఫీడ్‌లో కింది భాగం కత్తిరించి చూపిస్తుంది. మధ్యలో యాడ్లు కూడా తగులుతుంటాయి.

అరీనా

మన దగ్గర తక్కువమందికి తెలిసిన సైటు ఇది. పేరును ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు చివరి రెండు అక్షరాల ముందు చుక్క ఉంటుంది. యాడ్లు లేవు, లైకులు లేవు, సభ్యులు కట్టే డబ్బుతోనే నడుస్తోంది. మనం పెట్టే ప్రతి బొమ్మనూ బ్లాక్ అంటారు, బ్లాకులు చేరే చోటును ఛానల్ అంటారు. ఒకే బ్లాకును ఎన్ని ఛానళ్లలోనైనా కలపవచ్చు. ఒక లాడ్జి సైటు స్క్రీన్‌షాట్‌ను 'ధరల పేజీలు'లోనూ పెట్టవచ్చు, 'తెలుగు ఫాంట్లు'లోనూ పెట్టవచ్చు. ఫోల్డర్లలో అయితే ఇలా చేయడానికి కాపీలు తీసుకోవాలి, ఆ కాపీల్లో ఏది సరైనదో తర్వాత తెలియదు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో, అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్‌తో, సేవ్ చేస్తే లింకు దానంతటదే వస్తుంది, కింద వివరణ రాసుకునే చోటూ ఉంది. సగం మార్కులు వేస్తానన్న లింకూ కారణమూ రెండూ ఇక్కడ దొరికినట్టే.

ఉచితంగా పెట్టుకునే బ్లాకులకు పరిమితి ఉంది, అది దాటితే డబ్బు కట్టాలి. క్లయింట్‌కు చూపిస్తే కాస్త గందరగోళపడతాడు. మనలో మనం పంచుకోవడానికైతే బాగుంటుంది.

ఈగిల్

ఇది కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్. ఒక్కసారి డబ్బు కడితే చాలు, నెలనెలా కట్టే టెన్షన్ లేదు. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌తో ఫుల్ పేజీ తీస్తే లింకుతో సహా లైబ్రరీలో చేరిపోతుంది. ట్యాగులు, నోట్, ఫోల్డర్ అన్నీ ఉంటాయి, రంగుతో కూడా వెతకవచ్చు. "పచ్చ బటన్" అన్న క్లయింట్‌కు జవాబు చెప్పడానికి ఇదే అన్నిటికంటే దగ్గరి దారి. పచ్చ రంగు ఎంచుకుని, 'లాడ్జి' ట్యాగ్ నొక్కితే బొమ్మ ముందుకొస్తుంది. ఫైలు అసలు సైజులోనే ఉంటుంది, దేన్నీ కుదించదు.

నాకు దీనిమీద మమకారం ఎక్కువ కావడానికి ఇంకో కారణం ఉంది. బొమ్మలు మన డిస్కులో ఉంటాయి. ఆన్‌లైన్ సర్వీసులు ఎప్పుడు మూతపడతాయో చెప్పలేం. ఫైర్‌ఫాక్స్‌లో స్క్రీన్‌షాట్‌ను నేరుగా ఆన్‌లైన్‌లో దాచే సదుపాయం ఉండేది, 2019లో దాన్ని తీసేశారు. లింకులు దాచుకునే పాకెట్ 2025 జులైలో మూతపడింది. నోట్సు రాసుకునే యాప్ ఎవర్‌నోట్ 2023 డిసెంబరు నుంచి ఉచిత ఖాతాలో 50 నోట్లకే పరిమితం చేసింది. రోజూ కొంచెం కొంచెంగా కూడబెట్టిన సేకరణ వేరేవాళ్ల నిర్ణయంతో ఒక్కరోజులో చేజారిపోతుందంటే నా మనసు ఒప్పుకోదు.

ఇక లోటు ఏమిటంటే, ఇది ఒక్క మనిషి కోసం చేసినది. టీముతో పంచుకోవాలంటే లైబ్రరీ ఫోల్డర్‌ను డ్రైవ్‌లోనో డ్రాప్‌బాక్స్‌లోనో పెట్టి సింక్ చేసుకోవాలి. ఇద్దరు ఒకేసారి మార్పులు చేస్తే చిక్కులు రావచ్చు. ఒకరే చేర్చాలి, మిగతావాళ్లు చూడాలి అనే పద్ధతి పెట్టుకుంటే బాగానే నడుస్తుంది. గూగుల్ ఖాతాలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ అన్నిటికీ కలిపి ఉచితంగా ఇచ్చేది 15 జీబీ మాత్రమే. ఫుల్ పేజీ పీఎన్‌జీ బొమ్మల ఫైళ్లు దాన్ని త్వరగానే నింపేస్తాయి.

ఫిగ్మా

ఫిగ్మా అంటే బ్రౌజర్‌లోనే పేజీల డిజైన్ గీసుకునే టూల్. డిజైన్ చేసేది అందులోనే కాబట్టి స్క్రీన్‌షాట్లనూ అందులోనే అతికించుకోవడం సహజం. మన డిజైన్ పక్కనే రిఫరెన్స్ పెట్టి, బాణం గీసి, "ఈ ఖాళీ చూడు" అని రాయవచ్చు. లింకు పంపితే క్లయింట్ బ్రౌజర్‌లోనే తెరుస్తాడు, బొమ్మ మీదే కామెంట్ పెడతాడు. ఒక ప్రాజెక్టు నడుస్తున్నంత కాలం దీన్ని మించినది లేదు.

కానీ ఒక్క సంగతి తప్పక తెలుసుకోవాలి. ఏ వైపైనా 4,096 పిక్సెళ్లు దాటిన బొమ్మను ఫిగ్మా లోపలికి తీసుకునేటప్పుడే తగ్గించేస్తుంది. 1,440 పిక్సెళ్ల వెడల్పు, 9,000 పొడవు ఉన్న ఫుల్ పేజీని అతికిస్తే పొడవు 4,096కు దిగుతుంది, వెడల్పు సుమారు 655కు పడిపోతుంది. ఇంగ్లిష్ పెద్ద హెడ్డింగులు చదవగలం, తెలుగు బాడీ టెక్స్ట్ మసకబారుతుంది. పేజీని ముందే మూడు నాలుగు ముక్కలుగా తీసుకుని అతికిస్తే ఈ బాధ ఉండదు.

ఇంకొకటి, అతికించిన బొమ్మతో లింకు రాదు. మనమే పక్కన టైపు చేయాలి, పని హడావుడిలో ఎవరూ చేయరు. బొమ్మలు పెరిగేకొద్దీ ఫైలు బరువెక్కుతుంది, తక్కువ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ మూలుగుతుంది. ఉచిత ప్లాన్‌లో టీముగా పెట్టుకునే ఫైళ్లకూ పరిమితి ఉంది. ఫిగ్మాను ప్రాజెక్టు బల్లగా వాడుకోవాలి, గోడౌన్‌గా వాడకూడదు.

తెలుగు సైట్ల సంగతి

తెలుగులో సైటు చేసేవాళ్లకు రెడీమేడ్ రిఫరెన్స్ గ్యాలరీ దొరకడం కష్టం, కాబట్టి ఆ సేకరణ మనమే చేసుకోవాలి. తెలుగు అక్షరానికి పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి. ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్‌లో వరుసల మధ్య ఉన్న దూరం మనకు చాలదు. ఎక్కడైనా తెలుగు పేజీ హాయిగా చదవగలిగేలా కనబడితే వెంటనే తీసి పెట్టుకోవాలి. అక్కడే లింకు విలువ తెలుస్తుంది. వాడిన ఫాంటు మండలియో, రామభద్రో, నోటో సాన్స్ తెలుగో బొమ్మ చూసి ఖాయంగా చెప్పలేం. లింకు ఉంటే బ్రౌజర్‌లో ఇన్‌స్పెక్ట్ చేసి, అంటే పేజీ వెనక ఉన్న కోడ్ తెరిచి చూసి, ఫాంటు పేరు, సైజు, వరుసల దూరం అన్నీ తెలుసుకుని నోట్‌లో రాసుకోవచ్చు.

అలాగని లింకు ఒక్కటే దాచుకున్నా చాలదు. సైట్లు మారిపోతుంటాయి. టీటీడీ ఆన్‌లైన్ బుకింగ్ సైటు అడ్రసే 2024 జనవరిలో మారింది. పాత పేజీని మళ్లీ చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్ ఉంది, కానీ లాగిన్ లోపలి పేజీలు అందులో దొరకవు. అందుకే బొమ్మా ఉండాలి, లింకూ ఉండాలి.

బుకింగ్ ఫారాల స్క్రీన్‌షాట్లతో మాత్రం చాలా జాగ్రత్త. దర్శనం, గదుల బుకింగ్ పేజీల్లో పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్ నంబర్లు ఉంటాయి. ఇంట్లోవాళ్ల కోసం టికెట్ తీస్తూ "ఈ ఫారం బాగుంది" అని తీసిన స్క్రీన్‌షాట్ పబ్లిక్ బోర్డులోకి పోతే తిరిగి తెచ్చుకోలేం. ఆ వివరాల మీద నిండు రంగు పెట్టె వేసి కప్పాలి. బ్లర్ చేస్తే సరిపోదు. పింటరెస్ట్‌లో బోర్డు పెట్టేటప్పుడు సీక్రెట్ అని ఎంచుకోకపోతే అది అందరికీ కనబడుతుందని గుర్తుంచుకోవాలి.

ఎవరికి ఏది

ఒక్కరే ఫ్రీలాన్స్ చేసుకుంటుంటే నా ఓటు ఈగిల్‌కే. మరో ఆలోచన అక్కర్లేదు.

ఇద్దరి నుంచి ఐదుగురి దాకా ఉన్న టీముకు రెండు కావాలి: గోడౌన్‌గా ఈగిల్, ప్రాజెక్టు నడిచేటప్పుడు ఫిగ్మా. ఈగిల్‌లోంచి ఎనిమిది, పది బొమ్మలు ఎంచి, ముక్కలు చేసి, లింకులతో ఫిగ్మాలో పెట్టి క్లయింట్‌కు పంపాలి. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఆయన అన్నిట్లోంచీ తలా కొంచెం అడుగుతాడు. వాట్సాప్‌ను బయట ఉన్నప్పుడు కనబడినవి పంపుకోవడానికి మాత్రమే ఉంచుకుని, సాయంత్రానికి ఎవరో ఒకరు అవన్నీ ఈగిల్‌లో చేర్చేయాలి.

ఎస్వీ యూనివర్సిటీలోనో, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనో చదువుకుంటూ డిజైన్ నేర్చుకునేవాళ్లు అరీనాతో మొదలుపెట్టండి. పరిమితి ఉండడం మీకు మేలే చేస్తుంది, కనబడిన ప్రతిదీ దాచుకోకుండా ఏది ఉంచాలో ఆలోచించక తప్పదు. పబ్లిక్ ఛానల్ పెట్టి, ప్రతి బొమ్మ కిందా అసలు సైటు లింకు, మీకు నచ్చిన కారణం రాయండి. రేపు ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు పోయినప్పుడు పోర్ట్‌ఫోలియోతో పాటు ఆ ఛానల్ కూడా చూపించవచ్చు. కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు నేను దాన్ని శ్రద్ధగా చూస్తాను.