నార్త్ విల్క్స్‌బోరో స్పీడ్‌వేలో రెండు రేసులు చూశాక

అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్రంలో, షార్లెట్ నగరం నుంచి సుమారు 80 మైళ్లు ఉత్తరంగా వెళితే విల్క్స్ కౌంటీ వస్తుంది. అక్కడ కొండల అంచున ఉన్న నార్త్ విల్క్స్‌బోరో స్పీడ్‌వేలో నేను ఇప్పటికి రెండు రేసులు చూశాను: ఒకటి 2023 మేలో, ఇంకొకటి 2025 మేలో. రెండూ నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ల రేసులు నడిపే సంస్థ) ఆల్-స్టార్ రేసులే. కారు రేసు ఎన్నడూ చూడని మన తెలుగువారెవరైనా మొదట ఏ ట్రాక్‌కు వెళ్లమంటారని అడిగితే, షార్లెట్‌లోని పెద్ద ట్రాక్‌ను కాదని ఈ చిన్న ట్రాక్ పేరే చెబుతాను. ఎందుకు చెబుతానో అర్థం కావాలంటే అక్కడి సీట్లు, రేసు నాణ్యత గురించి మాత్రమే రాస్తే సరిపోదు. 1996లో మూతపడి, పాతికేళ్లకు పైగా గడ్డి మొలిచి, పైకప్పులు కూలి, అందరూ ఆశ వదులుకున్న ట్రాక్ ఇది. దీన్ని వదులుకోని కొంతమంది వల్లనే ఈ రోజు మనం టికెట్ కొనుక్కుని అక్కడ కూర్చోగలుగుతున్నాం.

ముందుగా ట్రాక్ గురించి. చుట్టుకొలత 0.625 మైలు, అంటే కిలోమీటరుకు కాస్త ఎక్కువ. స్టాండ్స్‌లో ఎక్కడ కూర్చున్నా దాదాపు ట్రాక్ మొత్తం కళ్ల ముందు ఉంటుంది. పెద్ద ట్రాకుల్లో కార్లు అవతలి వైపుకు వెళ్లగానే తెర మీద చూసి తెలుసుకోవలసిందే. ఇక్కడ మెడ తిప్పితే చాలు. అయితే ఈ ట్రాక్‌కు ప్రపంచంలో అరుదైన లక్షణం ఒకటుంది. ముందు స్ట్రెయిట్ (మలుపుల మధ్య ఉండే తిన్నని దారి) పల్లానికి దిగుతుంది, వెనక స్ట్రెయిట్ మిట్టకు ఎక్కుతుంది. 1946లో ఈనాక్ స్టేలీ, మరికొందరు భాగస్వాములు కలిసి ఈ ట్రాక్ తవ్వకం మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్న 1,500 డాలర్లు నేల చదును కాకముందే అయిపోయాయనీ, అందువల్ల నేల వాలు ఎలా ఉందో అలాగే వదిలేశారనీ అక్కడివారు చెప్పుకుంటారు. 1947 మేలో మట్టి ట్రాక్‌గా మొదటి రేసు జరిగింది, 1957లో తారు పడింది. డబ్బు చాలక మిగిలిపోయిన ఆ వాలే ఈ రోజు ట్రాక్‌కు ప్రాణం. నాలుగో మలుపు దాటిన కారు దిగుడులో వేగం అందుకుని మొదటి మలుపు దగ్గరికి వచ్చేసరికి డ్రైవరు ఊహించినదానికంటే ముందే బ్రేకు మీద కాలు పెట్టాల్సి వస్తుంది. నేను రెండోసారి ఆ మలుపుకు దగ్గరగా కూర్చున్నాను. పక్కపక్కనే రెండు కార్లు దిగుడు మీద నుంచి వచ్చి, ఒకటి లోపలి అంచున నిలదొక్కుకుంటే, మరొకటి వెనక చక్రాలు జారుతుండగా గోడ వైపుకు తేలిపోవడాన్ని అంత దగ్గర నుంచి చూడటం టీవీలో ఎప్పటికీ దొరకని అనుభవం. కారు వెళ్లిన రెండు క్షణాలకు వేడెక్కిన రబ్బరు వాసన మన వరుసకు చేరుతుంది, దాని వెంటే అరిగిన టైర్ల నుంచి ఊడిన నల్లటి రబ్బరు పలుకులు గోడ వారగా పేరుకుపోతూ కనిపిస్తాయి.

విల్క్స్ కౌంటీకి నాటుసారా రాజధాని అని పేరు. పోలీసు కార్లకు అందకుండా రాత్రిళ్లు కొండదారుల్లో సారా తోలిన కుర్రాళ్లే ఇక్కడ తొలితరం డ్రైవర్లలో చాలామంది. వారిలో అందరికంటే ప్రసిద్ధుడు ఇదే కౌంటీలోని రోండాకు చెందిన జూనియర్ జాన్సన్. సారా కేసులో జైలుకు వెళ్లి వచ్చి, డ్రైవరుగా 50 రేసులు గెలిచి, తర్వాత జట్టు యజమానిగా ఆరు ఛాంపియన్‌షిప్‌లు సాధించి, చివరకు అధ్యక్షుడు రీగన్ నుంచి క్షమాభిక్ష పొందిన మనిషి. మనం ట్రాక్‌కు వెళ్లే 421వ నంబరు రహదారిలో కొంత భాగానికి ఆయన పేరే పెట్టారు. 1949లో మార్పులు చేయని మామూలు కార్లతో నాస్కార్ సిరీస్ మొదలైన ఏడాది ఆఖరి రేసు జరిగింది ఈ ట్రాక్ మీదనే. అప్పటి నుంచి 1996 దాకా ఇక్కడ 93 కప్ రేసులు (నాస్కార్‌లో అత్యున్నత స్థాయివి) జరిగాయి, వాటిలో 15 రిచర్డ్ పెట్టీ ఒక్కడే గెలిచాడు. ఏటా రెండుసార్లు ఊరంతా కదిలే ఉత్సవం లాంటిది ఆ రేసు.

ఆ ఉత్సవం ఎలా పోయిందో తెలుసుకుంటే మనసు చివుక్కుమంటుంది. 1995లో స్టేలీ చనిపోయారు. ట్రాక్‌లో సగం వాటాను బ్రూటన్ స్మిత్, మిగతా సగాన్ని 1996 మొదట్లో బాబ్ బారీ కొన్నారు; ఇద్దరూ వేరే ట్రాకుల యజమానులు. వారికి కావలసింది ట్రాక్ కాదు, ఏటా రెండు రేసులు జరపడానికి దానికి నాస్కార్ కేటాయించిన రెండు తేదీలు. ఒక తేదీ స్మిత్ టెక్సస్‌లో కట్టిన కొత్త ట్రాక్‌కు, రెండోది బారీకి చెందిన న్యూ హాంప్‌షైర్ ట్రాక్‌కు వెళ్లిపోయాయి. లక్షకు పైగా సీట్లు, పెద్ద నగరాలు, పెద్ద ప్రకటనదారులు ఉన్న రోజుల్లో కొండ ఊరి చిన్న ట్రాక్ వ్యాపార లెక్కల్లో నిలబడలేదు. 1996 సెప్టెంబరు 29న జెఫ్ గోర్డన్ గెలిచిన 400 ల్యాపుల (చుట్ల) రేసుతో గేట్లు మూతపడ్డాయి. చట్టప్రకారం ఇందులో తప్పేమీ లేదు, ఆస్తి యజమానులదే. కానీ యాభై ఏళ్లపాటు ఒక ఊరు తనదనుకుని పెంచుకున్నదాన్ని ఆ ఊరిని ఒక్క మాట అడగకుండా తీసేయవచ్చా అన్న ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ ఒకటే జవాబు: తీసేయకూడదు. ఇదే ఊళ్లో పుట్టిన లోస్ అనే ఇంటి సామాన్ల దుకాణాల కంపెనీ ప్రధాన కార్యాలయం కూడా తర్వాతి కాలంలో మూర్స్‌విల్‌కు తరలిపోయిందని గుర్తు చేసుకుంటే, ఆ ప్రజలకు స్పీడ్‌వే ఎంత ముఖ్యమైపోయిందో తెలుస్తుంది.

తర్వాతి కాలంలో స్థానికులు, అభిమానులు చేసిన పని పైకి పెద్దగా కనిపించేది కాదు. 'సేవ్ ద స్పీడ్‌వే' పేరుతో ఒక బృందం ఏర్పడి, ట్రాక్‌ను కొనగలవారి కోసం వెతకడం, అధికారులకు విన్నవించడం, పత్రికల్లో ఆ పేరు మరుగున పడకుండా చూడటం ఏళ్ల తరబడి చేసింది. 2010లో ఒక సంస్థ లీజుకు తీసుకుని చిన్న రేసులు నడిపింది. 2011లోనే అదీ ఆగిపోయింది. నిజంగా ఆశ చచ్చిపోవలసిన సమయం అదే. ఒక్కసారి తెరిచి మూసిన తలుపును మళ్లీ తెరిపించడం మొదటిసారికంటే కష్టం, ఎందుకంటే ప్రయత్నించి చూశాం కదా అనే మాట అడ్డు వస్తుంది. అయినా వారు వదల్లేదు. ఇదే కౌంటీ బిడ్డ, 1973 ఛాంపియన్ బెన్నీ పార్సన్స్ సతీమణి టెర్రీ పార్సన్స్ భర్త పోయాక కూడా ఈ ట్రాక్ కోసం ప్రభుత్వ నాయకులతోనూ యజమానులతోనూ పట్టు వదలకుండా మాట్లాడుతూ వచ్చారు.

మలుపు 2019 డిసెంబరులో వచ్చింది. ప్రసిద్ధ నాస్కార్ డ్రైవరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ కొంతమందిని వెంటబెట్టుకుని ఆ పాడుబడిన ట్రాక్‌కు వెళ్లి, తారు పగుళ్లలో పెరిగిన కలుపు పీకి, చెత్త ఊడ్చి, ఐరేసింగ్ అనే కంప్యూటర్ రేసింగ్ ఆట కోసం లేజర్‌తో స్కాన్ చేయడానికి వీలుగా ట్రాక్‌ను సిద్ధం చేయించాడు. ఇది పూర్తిగా నేల కూలిపోకముందే దాని ఆకారాన్నైనా దాచుకుందామన్నది ఆలోచన. అదే నెలలో జూనియర్ జాన్సన్ కన్నుమూశారు. కొన్ని నెలలకు కోవిడ్ వచ్చి నిజమైన రేసులన్నీ ఆగిపోయినప్పుడు, 2020 మేలో నాస్కార్ డ్రైవర్లు ఇళ్లలో కూర్చుని ఆ కంప్యూటర్ ట్రాక్ మీదే పోటీ పడగా టీవీలో చూపించారు. డెన్నీ హామ్లిన్ గెలిచాడు. చేతులతో కలుపు పీకిన ఆ ఒక్క రోజు పనికి నేను ఎంతో విలువ ఇస్తాను. అప్పటిదాకా ఈ ట్రాక్ పాతవారి జ్ఞాపకం మాత్రమే. స్కాన్ అయ్యాక, ఈ ట్రాక్ మూతపడ్డాక పుట్టిన పిల్లలకు కూడా మొదటి మలుపు దగ్గర ఎక్కడ బ్రేకు వేయాలో తెలిసిపోయింది. మా అబ్బాయి అలాంటివాడే. 2023లో మేము స్టాండ్స్‌లోకి అడుగుపెట్టగానే, ఎన్నడూ చూడని చోటును చూపిస్తూ, ఇక్కడ కారు కుడివైపుకు జారుతుంది నాన్నా అని నాకు వివరించాడు.

ఆ తర్వాత కావలసింది డబ్బు. 2021 నవంబరులో గవర్నరు రాయ్ కూపర్ సంతకం చేసిన రాష్ట్ర బడ్జెట్‌లో, కోవిడ్ అనంతర కేంద్ర సహాయ నిధుల నుంచి మూడు స్పీడ్‌వేలకు కలిపి 4 కోట్ల డాలర్లు కేటాయించగా, అందులో 1.8 కోట్లు నార్త్ విల్క్స్‌బోరోకు వచ్చాయి. ప్రైవేటు ఆస్తికి ప్రజాధనం ఏమిటని అడిగేవారి ప్రశ్న న్యాయమైనదే, నేను దాన్ని తేలిగ్గా తీసుకోను. కానీ జనం రాకపోకలు, వసతి, తిండి వంటి వాటి మీద బతికే చిన్న కౌంటీలో ఆ డబ్బు ఎటు చేరుతుందో రేసు వారంలో ఆ ఊరి వీధుల్లో తిరిగితే కనిపిస్తుంది. అభిమానుల పట్టుదల ఒక్కటే గేట్లు తెరిపించలేదన్నదీ ఒప్పుకోవాలి. బ్రూటన్ స్మిత్ కుమారుడు మార్కస్ స్మిత్ మనసు పెట్టకపోతే ఎవరూ ఏమీ చేయగలిగేవారు కాదు. 2022 ఆగస్టులో పాత తారు మీదే చిన్న రేసులు మొదలయ్యాయి. ఆ నెలాఖరున డేల్ జూనియర్ స్వయంగా లేట్ మోడల్ (చిన్న ట్రాకుల్లో నడిపే ఒక రకం రేసు కారు) కారు నడిపి మూడో స్థానంలో వచ్చాడు. ఆ తర్వాత తారు తవ్వేసి కొన్ని రేసులు మట్టి మీద జరపాలన్నది మొదటి ప్రణాళిక. 1981లో వేసిన ఆ అరిగిపోయిన తారు మీద టైర్లు జారుతుంటే రేసులు ఎంత బాగున్నాయో చూశాక ఆ ఆలోచన మానుకుని, 2023 ఆల్-స్టార్ రేసును ఇక్కడే పెడుతున్నామని ప్రకటించారు.

ఇప్పుడు లోపలి సంగతి. బాగుచేసినవారిని నేను అన్నిటికంటే మెచ్చుకునేది వారు ముట్టకుండా వదిలేసిన వాటికి. కొత్త దీపాలు, మలుపుల దగ్గర దెబ్బ తగ్గించే గోడలు, కొత్త మరుగుదొడ్లు వచ్చాయి, అవసరమైనవే. కానీ కప్ సిరీస్‌ను విన్‌స్టన్ కప్ అని పిలిచిన పాత రోజుల ఎరుపు తెలుపు రంగులు, ఎండకు వెలిసిపోయిన పాత రాతలు చాలాచోట్ల అలాగే ఉన్నాయి. ఒక గోడ మీద పెచ్చులూడిన అక్షరాలను మళ్లీ దిద్దకుండా వదిలేశారు. వాటి ముందు నిలబడి ఫోటోలు తీసుకునేవారి వరుస కొత్త బోర్డుల ముందు కనిపించదు. గెలిచిన కారును ఒక భవనం పైకప్పు మీదికి లిఫ్ట్‌లో ఎక్కించే పాత సంప్రదాయం కూడా నిలిచింది. రేసు ముగిశాక మసి పట్టిన కారు నెమ్మదిగా పైకి లేస్తుంటే జనం సీట్లు వదలరు. 2024 మార్చిలో స్టాండ్స్ కింద దాదాపు 700 చదరపు అడుగుల గుహలాంటి ఖాళీ బయటపడితే, అక్కడ ఒకప్పుడు సారా బట్టీ ఉండేదన్న పాత కథకు మళ్లీ ఊపిరి వచ్చింది.

రేసుల నాణ్యత విషయంలో మాత్రం నా అభిప్రాయం అంత తేలిగ్గా ఏకపక్షంగా లేదు. 2023లో కైల్ లార్సన్ మొదట్లో పెనాల్టీ పడి వెనక్కి వెళ్లినా, మిగతా రేసంతా ఎవరికీ అందకుండా గెలిచాడు. అతని నైపుణ్యం అద్భుతం, పోటీ మాత్రం తక్కువ. ఆ తర్వాత తారు కొత్తగా వేయక తప్పలేదు. 2024లో జోయ్ లొగానో 200 ల్యాపుల్లో 199 ముందే ఉండి గెలిచాడు. ఆ రేసు నేను టీవీలో చూసి నిజంగా బాధపడ్డాను. పాత తారు ఇచ్చిన జారుడు పోతే, ఇంతమంది కాపాడుకున్న ట్రాక్ మామూలు ట్రాక్ అయిపోతుందేమోనని భయం వేసింది. 2025లో ఆ భయం కొంత తీరింది. లొగానోను క్రిస్టోఫర్ బెల్ చివరి పది ల్యాపుల దగ్గర, తగిలీ తగలనట్టుగా నెట్టుకుని దాటిన క్షణంలో మా వరుసలో కూర్చుని ఉన్నవారు ఒక్కరూ లేరు. కొత్త తారు ఏడాదికేడాది ఎండకూ వానకూ అరిగితే పోటీ ఇంకా మెరుగవుతుందని నా నమ్మకం.

వెళ్లేవారికి రెండు మాటలు. చెవులకు రక్షణ తప్పనిసరి. చిన్న ట్రాక్ కావడం వల్ల చప్పుడు లోపలే తిరుగుతూ ఉంటుంది, పిల్లలకైతే మంచి హెడ్‌ఫోన్లు కొనండి. మే ఎండకు టోపీ, నీళ్లు మరవకండి. చుట్టుపక్కల రోడ్లు పల్లెటూరి రోడ్లు కాబట్టి మధ్యాహ్నానికే చేరుకోవడం మంచిది, ముందుగా చేరితే ఆ వెలిసిపోయిన గోడలను తీరిగ్గా చూడవచ్చు. సీటు ఎంచుకునేటప్పుడు ముగింపు గీతకు ఎదురుగా ఉండే ఖరీదైన వరుసల కంటే మొదటి మలుపు వైపు పై వరుసలు తీసుకోమంటాను. కార్లు పల్లానికి దిగడం, అవతల మిట్ట ఎక్కడం రెండూ అక్కడి నుంచే స్పష్టంగా తెలుస్తాయి.

2026 జూలై 19న ఇక్కడ 450 ల్యాపుల రేసు జరుగుతుందని నాస్కార్ ప్రకటించింది. ఆల్-స్టార్ రేసు ప్రదర్శన పోటీ లాంటిది, ఛాంపియన్‌షిప్ పాయింట్లు ఉండవు. ఇది పాయింట్ల రేసు. 1996లో ఈ ఊరి నుంచి తీసుకుపోయింది సరిగ్గా అదే. మేము మొదటి మలుపు దగ్గర మూడు సీట్లు చూసుకుంటున్నాం.