గార్టర్ పాముల్లో ఏది సాధువు, ఏది గడుసు: కొన్నేళ్ళు పెంచాక నా మాట

గార్టర్ పాము తెచ్చుకోవాలనుకునేవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: ఏ జాతి శాంతంగా ఉంటుంది? కొన్నేళ్ళుగా నాలుగు జాతులు పెంచుతున్నాను కాబట్టి నా జవాబు చెబుతాను. జాతి పేరు వింటే ఆ పాము ఏం తింటుందో, నీళ్ళలో ఎంతసేపు ఉంటుందో, ఎంత బెదురుతుందో కొంతవరకు ఊహించొచ్చు. చేతిలోకి తీసుకున్నాక కరుస్తుందా, కంపు కొడుతుందా, నిమ్మళంగా ఉంటుందా అన్నది మాత్రం ఆ పామును బట్టే. ఒకే కాన్పులో పుట్టి, ఒకే ట్యాంకులో ఒకే తిండి తిని పెరిగిన రెండు పాములు చెరో రకంగా తయారవడం నేను చూశాను.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇవి ఉత్తర అమెరికా ఖండపు పాములు. తామ్నోఫిస్ అనే ప్రజాతి, అందులో ముప్పైకి పైగా జాతులు. ఒళ్ళు సన్నం. ఇళ్ళలో పెంచేవి చాలావరకు 50 నుంచి 90 సెంటీమీటర్ల లోపు ఉంటాయి. సాధారణంగా వెన్ను మీద ఒక చార, పక్కల చెరొకటి. గుడ్లు పెట్టవు, పిల్లల్నే కంటాయి. పెంచేవాళ్ళకి బాగా నచ్చే సంగతేంటంటే ఇవి పగటి పాములు. బాల్ పైథాన్ పెంచే స్నేహితుడొకడు తన పాము గురించి చెప్పమంటే ఇవాళ ఏ మూల చుట్టుకుందో చెబుతాడు, అంతే. గార్టర్ అలా కాదు. లైటు వేసి కాస్త వేడెక్కగానే ట్యాంకంతా గస్తీ తిరుగుతుంది, నీళ్ళలో దిగుతుంది, కొమ్మెక్కుతుంది, అద్దం దగ్గరికొచ్చి మనవైపు తల ఎత్తి చూస్తుంది. పొద్దస్తమానం ఏదో ఒకటి చేస్తుంటుంది కాబట్టే ఒక్కోదాని తీరు ఇంత తేటగా బయటపడుతుంది.

మొదట చెకర్డ్ గార్టర్. అమెరికా నైరుతి ప్రాంతం, మెక్సికో దీని సొంత నేల. లేత గోధుమ రంగు ఒంటి మీద నల్లటి గళ్ళు. నా దగ్గరున్న ఆడపాము పేరు పెద్దమ్మ. చెయ్యి లోపల పెడితే పారిపోదు. దగ్గరికొచ్చి నాలుగైదుసార్లు నాలుక ఆడించి, తిండి వాసన లేదని తేల్చుకున్నాక మెల్లగా వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదికి పాకుతుంది. పిల్ల ఎలుక, చేప ముక్క, వానపాము, ఏది పెట్టినా వద్దనదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి చాలామంది ఈ జాతినే చెబుతారు, నేనూ అదే చెబుతాను. అయితే పక్క ట్యాంకులో ఇదే జాతి మగపాము ఉంది. మూత తీసిన చప్పుడుకే ఒళ్ళు అప్పడంలా చదును చేసి, తల వెడల్పు చేసి, నోరు తెరిచి మీదికొస్తుంది. పళ్ళు మాత్రం దించదు, దగ్గరికొచ్చాక నోరు మూసుకుని మూతితో పొడిచి వెనక్కి తగ్గుతుంది. ఎత్తుకున్నాక రెండు నిమిషాల్లో మామూలవుతుంది. మర్నాడు మళ్ళీ అదే నాటకం. పాము పగ అంటారు గానీ, దీనికి నిన్నటి సంగతి ఇవాళ గుర్తున్నట్టే ఉండదు.

ఇక ఈస్టర్న్ గార్టర్లు, బుజ్జి, చిట్టి. ఒక తల్లి పిల్లలు, ఇద్దరూ ఆడవే. బుజ్జి మొదటినుంచీ చొరవ. ట్యాంకులో కొత్త చెక్క ముక్క పెడితే ముందు దాని మీదికెక్కేది అదే. చిట్టికి ఎత్తుకోవడమంటే గిట్టదు, అలాగని కరవదు. దాని ఆయుధం వేరే. చేతిలోకి తీసుకోగానే తోక మొదలు వంకర తిప్పుతుంది, కిందినుంచి పసుపు కలిసిన తెల్లటి జిగురు ద్రవం వదులుతుంది, ఆ తర్వాత ఒళ్ళంతా మెలికలు తిప్పుతూ దాన్ని మన అరచేతికీ ముంజేతికీ శ్రద్ధగా పులుముతుంది. పులమడమే అసలు పని, వదలడం కాదు. పెంచేవాళ్ళు దీన్ని మస్క్ అంటారు. కుళ్ళిన చేప కంపు ఒకటుంటుంది, దాని అడుగున తియ్యగా, కడుపులో తిప్పే ఇంకో వాసన ఉంటుంది. సబ్బుతో ఒకసారి కడిగితే పోదు. చొక్కా చేతికి అంటిందంటే ఆ పూట ఎవరి పక్కనా కూర్చోలేం. పామును పట్టుకున్నాక చేతులు ఎలాగూ కడుక్కోవాల్సిందే, సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. చిట్టితో మాత్రం ఎవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

పెద్దయ్యేకొద్దీ బుజ్జి మరీ మచ్చికైంది. చిట్టి మస్క్ వదలడం తగ్గించింది గానీ మానలేదు. రోజూ ఎత్తుకుంటే ఏ పామైనా దారికొస్తుందని కొందరు గట్టిగా చెబుతారు. నేను ఒప్పుకోను. అలవాటు కొంత మారుస్తుంది, పుట్టుకతో వచ్చిన బెదురును పూర్తిగా తుడిచెయ్యదు. చిట్టిని ఇప్పుడు అవసరమైతేనే ఎత్తుతాను. అద్దం ఇవతలి నుంచి చూస్తే అది కూడా చూడముచ్చటైన పామే.

ఈ తేడాలు మన ఊహలేనా అంటే, కాదు. కెనడాలోని విల్‌ఫ్రిడ్ లోరియర్ యూనివర్సిటీలో మోర్గన్ స్కిన్నర్, నోమ్ మిల్లర్ ఈస్టర్న్ గార్టర్ పిల్లల మీద చేసిన పరిశోధన 2020లో వచ్చింది. 40 పిల్లల్ని గుంపులుగా ఉంచి ఏది ఎవరితో చేరుతోందో, ఏది గూడు వదిలి బయట ఎక్కువసేపు తిరుగుతోందో గమనించారు. చొరవ గలవి, పిరికివి అన్న తేడా ఒక్కో పాములో నిలకడగా కనిపించింది. తమకిష్టమైన తోటి పాముల దగ్గరికే మళ్ళీ మళ్ళీ చేరడం కూడా కనిపించింది. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. గుంపులో ఉన్నప్పుడు ఆ సొంత గుణం కొంత పక్కకి పోయి, పాములు గుంపు నడిచినట్టు నడుచుకున్నాయి. ఇది చదివాకే చిట్టి సంగతి అర్థమైంది. ఒంటరిగా ఉంచితే రోజంతా బెరడు కిందే ఉంటుంది, బుజ్జి బయట ఎండలైటు కింద చుట్టుకుంటే తానూ వచ్చి దాని మీదే చుట్టుకుంటుంది. చాలా పాముల్ని ఇలా జంటగా ఉంచకూడదు. గార్టర్ల విషయంలో, సైజు సమానంగా ఉండి తిండి విడివిడిగా పెడితే, నాకైతే జంటే మేలనిపిస్తుంది.

విడివిడిగా అన్నమాట గట్టిగా పట్టుకోండి. రెండు పాములు ఒకే చేప ముక్కను చెరో కొసనుంచి మింగుతూ వస్తే, పెద్దది చిన్నదాని తలను కూడా కలిపి మింగే ప్రమాదం ఉంది. తిండి దగ్గర ఎంత సాధువైన గార్టరైనా సాధువు కాదు.

ప్లెయిన్స్ గార్టర్ గురించి ఇక్కడే చెప్పాలి. వెన్ను మీద నారింజ రంగు చార, చూడ్డానికి అందం. నన్ను ఎక్కువసార్లు కరిచిందీ ఇదే, అయినా దీన్ని కోపిష్టి అనను. ఇది తిండిపోతు. భయంతో కరిచే పాము ముందు ఒళ్ళు చదును చేస్తుంది, మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాగుతుంది, చటుక్కున కొట్టి వదిలేస్తుంది. తిండి అనుకుని కరిచే పాము నాలుక గబగబా ఆడిస్తూ మూతి తిన్నగా చేసి ముందుకొస్తుంది, పట్టుకున్నాక వదలదు, వేలు చివరనుంచి నమలడం మొదలుపెడుతుంది. ఈ రెండూ వేరు. మొదటిదానికి దాక్కునే చోట్లు పెంచాలి. రెండోదానికి పొడవాటి పట్టకారు కొనుక్కుని, చేప ముట్టిన చేతులు కడుక్కుంటే చాలు. పాము కరుస్తోందని అమ్మేసినవాళ్ళలో సగంమంది ఈ రెండోరకం పామునే అమ్ముకుని ఉంటారని నా అనుమానం.

కాటు పెద్ద గాయమేం కాదు, సన్నటి గీతలు, కాస్త రక్తం, దురద. వీటి నోట్లో డ్యువెర్నాయ్ గ్రంథి అని ఒకటుంది. దాని స్రావం చిన్న జంతువుల మీద పనిచేస్తుంది, మనుషులకు సాధారణంగా ఏమీ చెయ్యదు. చాలాసేపు నమలనిస్తే మాత్రం కొందరికి చెయ్యి వాచిన సందర్భాలున్నాయి. ముఖ్యంగా వెస్టర్న్ టెరెస్ట్రియల్ అనే జాతిలోని వాండరింగ్ గార్టర్ అనే ఉపజాతి విషయంలో ఇది రాసిపెట్టి ఉంది. అడవిలో అది తోటి పాముల్ని తినడం కూడా తెలిసిన సంగతే, కాబట్టి జంటగా ఉంచే ఆలోచన దానికి పనికిరాదు. నేను దాన్ని పెంచలేదు, పెంచే ఉద్దేశమూ లేదు.

నా నాలుగో జాతి వెస్టర్న్ రిబ్బన్. దాని పేరు కంగారు. ఇదీ గార్టర్ల కుటుంబమే, ఇంకా సన్నం, ఒంట్లో పెద్ద వాటా తోకదే. చేప తింటుంది, ఎలుక పిల్లని చూడనైనా చూడదు. నీడ కదిలితే చాలు, నీళ్ళ తొట్టిలోకి దూకుతుంది. చేతిలో పెట్టుకుంటే కరవదు, అలాగని ఆగదు, ఒక చేతి నుంచి ఇంకో చేతికి జారుతూనే ఉంటుంది. ఒక జాగ్రత్త: రిబ్బన్లనీ గార్టర్లనీ తోక పట్టుకుని ఆపకూడదు. గట్టిగా గింజుకుంటే తోక తెగిపోతుంది, బల్లికి మొలిచినట్టు మళ్ళీ మొలవదు. ఎత్తుకుని ఆడించాలనుకునేవాళ్ళకి రిబ్బన్ వద్దు. పెద్ద ట్యాంకు, మొక్కలు, నీళ్ళు ఏర్పాటు చేసి చూస్తూ కూర్చునేవాళ్ళకి ఇంతకన్నా మంచి పాము లేదు. నా నాలుగింటిలో నేను ఎక్కువసేపు చూసేది కంగారునే.

రంగును బట్టి గుణం చెప్పేవాళ్ళూ ఉన్నారు. ఎర్ర రంగువి దుడుకనీ, అల్బినోలు, అంటే పుట్టుకతో ఒంట్లో నల్ల రంగు లేనివి, సాధువులనీ అంటారు. అమ్మకానికొచ్చే రంగుల్లో అలాంటిదేమీ నాకు కనబడలేదు. అడవి పాముల్లో రంగుకీ నడవడికకీ లంకె ఉన్న మాట నిజం, కానీ అది వేరే రకం లంకె. ఎడ్మండ్ బ్రోడీ అనే పరిశోధకుడు నార్త్‌వెస్టర్న్ గార్టర్ అనే జాతి మీద చేసిన పని 1989లో అచ్చయింది. చారలున్న పాములు ఆపద వస్తే తిన్నగా పరుగు తీస్తాయి, మచ్చలున్నవి ఉన్నట్టుండి దిక్కు మార్చి పక్కకి తిరుగుతాయి. కదిలే చార వేగాన్ని వేటాడేవాడు సరిగా అంచనా వెయ్యలేడు, మచ్చల పాము ఆగితే నేలలో కలిసిపోతుంది. పారిపోయే పద్ధతి సంగతి ఇది. మన చేతిలో ఎంత శాంతంగా ఉంటుందో దీన్నిబట్టి చెప్పలేం.

పాము గుణం మారిందని మెసేజ్ పెట్టేవాళ్ళని నేను ముందు అడిగేది కళ్ళ గురించి. కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మసకబారతాయి, పాముకి సరిగ్గా కనబడదు. పెద్దమ్మ కూడా ఆ నాలుగు రోజులు బుస్సుమంటుంది, అప్పుడు ముట్టుకోను. కడుపుతో ఉన్న ఆడవి విసుగ్గా ఉంటాయి, రోజంతా వేడి మూలనే పడి ఉంటాయి. చలి నిద్ర నుంచి లేచిన మగవి తిండి మానేసి ఆడపాము కోసం ట్యాంకు చుట్టూ తిరుగుతాయి, దాన్ని భయమనుకోకూడదు. ఇక వేడి. ఒక పక్క 30 డిగ్రీల దగ్గర, రెండో పక్క 22-24 డిగ్రీల దగ్గర ఉంటే పాము తనకి కావాల్సింది ఎంచుకుంటుంది. ట్యాంకంతా వేడిగా ఉంటే చీటికీ మాటికీ ఉలిక్కిపడుతుంది. దాక్కునే చోట్లు ఎక్కువ పెడితే పాము కనబడదేమో అనుకుంటారు. నా దగ్గర జరిగింది తలకిందులు. బెరడు, ఆకులు, గుల్లలు పెంచాకే చిట్టి పగటిపూట బయటికి రావడం మొదలైంది.

ఇంకో కారణం తేలిగ్గా తీసుకోవద్దు. గోల్డ్‌ఫిష్ లాంటి కొన్ని చేపల్లో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, అది బి1 విటమిన్‌ని పాడు చేస్తుంది. ఫ్రీజర్లో పెట్టినా అది పోదు. అవే చేపలు నెలల తరబడి పెడితే పాము ఒళ్ళు అదరడం, గురి తప్పి కొట్టడం, వెల్లకిలా పడితే తిరగలేకపోవడం మొదలవుతాయి. బయటికి ఇది పిచ్చి కోపంలా కనిపిస్తుంది. నేను సాల్మన్, ట్రౌట్, తిలాపియా మాత్రమే పెడతాను, మధ్యమధ్య ఎలుక పిల్లలు. ఎన్నాళ్ళుగానో శాంతంగా ఉన్న పాము ఒక్కసారిగా అడ్డదిడ్డంగా కొడుతుంటే పెంపకం పుస్తకం కాదు, డాక్టర్ని చూడాలి.

కొనేటప్పుడు నేను పాటించేవి రెండే. కుబుసం ఎప్పుడు విడిచిందో అడిగి, వేడి ట్యాంకులో ఉండగా చూస్తాను, ఎందుకంటే చల్లబడ్డ పాము ఏదైనా సాధువులాగే కనిపిస్తుంది. ఒకతను చలి గదిలోంచి తీసి చూపించి, దీనంత మెతక పాము లేదన్న పామే ఇప్పుడు మూత చప్పుడుకి మీదికొచ్చే మా మగ చెకర్డ్. రెండోది, నా ఎదురుగా తిండి పెట్టమంటాను. ఒకసారి మస్క్ వదిలిందని పామును వద్దనను, కొత్త చెయ్యి చూసి బెదరడం ఆరోగ్యమే. నాలుక ఆడించకుండా, పట్టు బిగించకుండా చేతిలో వేలాడిపోయే పామును, దాన్ని ఎంత శాంతమని పొగిడినా, అక్కడే వదిలేసి వస్తాను.