కొత్త రంగు పూసిన పాత రేకుల షెడ్డు: మేకలు పెంచేవారు కొనే ముందు ఇది చదవండి

విశాఖ చుట్టుపక్కల మేకల కోసం పాత రేకుల షెడ్డు కొనాలనుకుంటున్న ప్రతి ఒక్కరికీ ఈ మాట చేరాలి. కాపలాదారు గదులుగా, సామాను కొట్లుగా, రోడ్డు పక్క బడ్డీలుగా వాడి వదిలేసిన చిన్న ఇనుప షెడ్లకు కొత్త రంగు పూసి, మేకల షెడ్డు అని పేరు పెట్టి అమ్ముతున్నారు. గాజువాక వైపు ఒక వ్యాపారి దగ్గర అలాంటిదే ఒకటి 42 వేలు పోసి కొన్నాను. ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. పెందుర్తి దగ్గర మా తోటలో దించారు. ఒక్క వానాకాలం గడిచేసరికి అడుగున ఉన్న యాంగిల్ (L ఆకారపు ఇనుప పట్టీ) పొరలు పొరలుగా ఊడిపోయింది. గోడ రేకు కింది అంచు రంపంలా తయారై చూడి మేక ముందుకాలు కోసింది. మేకపిల్లలకు దగ్గు పట్టుకుంది. వాటిలో ఒకటి దక్కలేదు.

ముందుగా లప్పం సంగతి. తుప్పు తిన్న చోట లేత ఆకుపచ్చ రంగు గీకి చూస్తే కింద లప్పం, లప్పం కింద బొటనవేలు పట్టేంత చిల్లు. గోటితో నొక్కితే బూడిద రంగు పొడి రాలింది. మూలల్లోనూ, తలుపు గడప దగ్గరా అంతా అదే పని. బయటినుంచి నున్నగా కనిపిస్తుంది కాబట్టి కంటితో పట్టుకోవడం కష్టం. మీరు వెళ్లేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకొని వెళ్లండి. గోడ కింది అరడుగు పొడవునా దాన్ని జరుపుతూ చూడండి. ఇనుము ఉన్నచోట గట్టిగా పట్టుకుంటుంది, మందంగా లప్పం ఉన్నచోట జారిపోతుంది. షెడ్డును ఒక పక్కకు ఎత్తించి అడుగు యాంగిల్ కిందివైపు చూడండి. అక్కడ ఎవరూ రంగు వేయరు. ఎత్తడానికి వ్యాపారి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో వదిలేయండి.

రేకు మందం అర మిల్లీమీటరు అని నాకు చెప్పారు. గాలి కోసం గోడ పైభాగం కోయించినప్పుడు వచ్చిన తుప్పు లేని ముక్కను స్క్రూగేజితో కొలిపిస్తే 0.35 వచ్చింది. స్క్రూగేజి దొరకకపోతే తూకం చాలు. మడతలు లేని సాదా రేకు అడుగు చదరం ముక్క అర మిల్లీమీటరు మందమైతే 360 గ్రాములకు పైగా తూగాలి. 0.35 అయితే 255 గ్రాముల దగ్గర ఆగిపోతుంది. ఏ కిరాణా కొట్టు కాటా మీదైనా తేలిపోయే తేడా ఇది. రంగు పూత రేకులకు కొందరు పూతతో కలిపి మందం చెబుతారు, లోపలి ఇనుము ఎంతో విడిగా అడగండి.

మన ఊళ్లో ఈ మందం ఎందుకంత ముఖ్యమంటే, బయటినుంచి సముద్రపు ఉప్పుగాలి జింకు పూతను తింటుంది, లోపలినుంచి మేకల మూత్రం తింటుంది. పెంటికలు, మూత్రం కలిసి నానితే అమ్మోనియా పుడుతుంది. సామాను కొట్టుకు పదేళ్లు పనికొచ్చిన రేకు మేకల కింద అంత కాలం ఆగదు.

అమ్మోనియా రేకుకంటే ముందు మేకలనే దెబ్బతీస్తుంది. కొట్టుగా కట్టిన షెడ్డుకు దొంగల భయం కాబట్టి కిటికీలు పెట్టరు. మేకలకు కావలసింది దానికి పూర్తిగా తలకిందులు. మా షెడ్డుకు ఒక తలుపు, అరచేయంత వెంటిలేటరు, అంతే. తెల్లవారుజామున పైకప్పు లోపలివైపు చెమట పట్టి చుక్కలు చుక్కలుగా పిల్లల మీద కారేది. 1962కు ఫోను చేస్తే వచ్చిన సంచార పశువైద్య వాహనంలోని వైద్యుడు లోపలికి వెళ్లి, మేక పడుకునే ఎత్తుకు వంగి గాలి పీల్చి, కళ్లు నులుముకుంటూ బయటికి వచ్చారు. పిల్లలది న్యుమోనియా అన్నారు. ఆ పరీక్ష మీరూ చేయవచ్చు. నిలబడి చూస్తే తెలియదు, వంగాలి.

ఇరవై మేకలు పడతాయని అమ్మేటప్పుడు చెప్పిన మాట పచ్చి అబద్ధం. పెద్ద మేకకు కనీసం పది చదరపు అడుగులు కావాలి. ఎనభై చదరపు అడుగుల్లో ఎనిమిది మేకలకు మించి కట్టకూడదు. చూడివి, పాలిచ్చేవి ఉంటే ఇంకా తక్కువ. ఇప్పటికే షెడ్డు కొని ఉంటే గోడలు నడుము ఎత్తు వరకు ఉంచి పైన రెండు పొడవు వైపులా వల బిగించండి, కోసిన అంచులు మడిచి జింకు ప్రైమరు వేయించండి. పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ తక్కువ పడుతుంది. తాటాకు కప్పదలిస్తే రేకుకు జానెడు ఎడం ఇవ్వండి, ఆనించి కప్పితే తడి నిలిచి కప్పు కూడా పోతుంది.

ఇంతకుముందు అందులో ఏముండేదో తప్పకుండా అడగండి. పురుగుమందులో యూరియానో నిల్వ చేసిన షెడ్డు అయితే ఉచితంగా ఇచ్చినా వద్దు. మేకలు గోడలు నాకుతాయి, పెచ్చులు లేచిన రంగు కొరుకుతాయి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది.

గాలి సంగతి విశాఖ వాళ్లకు చెప్పనక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో అందరం చూశాం. నేల మీద ఊరికే పెట్టి వెళ్లిపోతామంటే ఒప్పుకోకండి. నాలుగు మూలలా కాంక్రీటు దిమ్మెల్లో బోల్టులు దింపించండి.

ఇక బిల్లు. రేకు ఊడిన ఫోటోలు తీసుకొని వెళితే వ్యాపారి బిల్లు చూపించి, మేము అమ్మింది పాత ఇనుప సామాను, మేకలను కట్టమని ఎవరు చెప్పారు అన్నాడు. బిల్లులో నిజంగానే అలా రాశారు. మేకల షెడ్డు అని అతను పంపిన సందేశాలు నా ఫోనులో ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మీరు బయానా ఇచ్చే ముందే రేకు మందం, వాడకం, హామీ కాలం బిల్లులో రాయించుకోండి. రాయనంటే డబ్బు ఇవ్వకండి.

మోసపోయినవాళ్లు ఊరుకోవద్దు. స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసమే కొన్న వస్తువైతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనమూ వినియోగదారులమే. సలహాకు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే రుసుము లేదు. గడువు రెండేళ్లు. నేను ఫిర్యాదు వేశాను. ఇదే రకం షెడ్డు కొని నష్టపోయినవాళ్లు బిల్లు, ఫోటోలు, ఊడిన రేకు ముక్క పారేయకుండా దాచి మీరూ వేయండి.