8 అంగుళాల స్లైడింగా, 10 అంగుళాల మామూలు మైటర్ సానా: ఇంటి పనికి ఏది మేలు?

ఇంట్లో చెక్కపని మొదలుపెట్టినవాళ్ళు రెండో నెలలోనో మూడో నెలలోనో ఒకచోట ఆగిపోతారు. చేతిరంపంతో అడ్డకోత కోస్తే అంచు వంకర పోతుంది, చేత్తో పట్టుకునే కట్టర్‌తో కోస్తే పెచ్చులు లేస్తాయి, ఎంత కొలిచి కోసినా స్టూలు నాలుగో కాలు నేలకు ఆనదు. అప్పుడు మైటర్ సా, అంటే బల్ల మీద పెట్టిన కర్రను తిరిగే బ్లేడుతో తిన్నగానో కోణంలోనో అడ్డంగా కోసే మిషన్ కొనాలనిపిస్తుంది. తీరా షాపుకెళ్తే బ్లేడు, మోటారు ఉన్న తల పైకీ కిందకీ మాత్రమే ఆడే మామూలు రకం, కడ్డీల మీద ముందుకూ వెనక్కూ జరిగే స్లైడింగ్ రకం, అందులో మళ్ళీ 8, 10, 12 అంగుళాల బ్లేడులు. షాపులో అతను సహజంగా పెద్దదే చూపిస్తాడు.

మాది కాకినాడ. ఇంటి వెనక వసారాలో ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న చోటే నా వర్క్‌షాపు. మొదట ఏడాదిపాటు మా బావ ఇచ్చిన 10 అంగుళాల మామూలు మైటర్ సాతో పని చేశాను, ఆ తర్వాత 8 అంగుళాల స్లైడింగ్ కొనుక్కున్నాను, దాంతో ఇప్పటికి మూడేళ్ళు. మా బావ గుమ్మాలు, కిటికీలు చేస్తాడు, ఆయన దగ్గర 10 అంగుళాల స్లైడింగ్ ఉంది, దాని మీద కూడా చాలా ఆదివారాలు పని చేశాను. కాబట్టి ఈ మూడింటి గురించి చేత్తో వాడి చెప్తున్నాను.

ముందు ఒక్క మాట. మైటర్ సా అడ్డకోతకు మాత్రమే. పలకను నిలువుగా చీల్చడానికి పనికిరాదు, 8 బై 4 ప్లైవుడ్ షీటు దీని మీద పట్టదు. మీరు చేసేది ఎక్కువగా ప్లైవుడ్ కప్‌బోర్డులైతే ఈ డబ్బుతో చేత్తో పట్టుకుని షీటు మీద నెట్టే మంచి సర్క్యులర్ సా, ఒక తిన్నని అల్యూమినియం పట్టీ, రెండు క్లాంపులు కొనుక్కోండి, ఇంకా మిగులుతుంది. స్లైడింగ్ ఉంటే ప్లైవుడ్ కూడా కోసేయొచ్చనుకుని కొన్నవాళ్ళను ఇద్దరిని చూశాను, ఇద్దరూ మళ్ళీ సర్క్యులర్ సా కొన్నారు.

ఇక కొలతలు. ఇక్కడే అసలు సంగతి ఉంది. 10 అంగుళాల మామూలు రకానికి మకిటా కంపెనీ ఎల్ఎస్1040 తీసుకుందాం, చాలామంది వడ్రంగుల దగ్గర కనిపించేది అదే. బరువు 11 కిలోలు. తిన్నగా కోసేటప్పుడు 69 మిల్లీమీటర్ల మందం, 135 మిల్లీమీటర్ల వెడల్పు దాకా ఒక్క కోతలో తెగుతుంది. 135 అంటే అయిదుంపావు అంగుళాలు. అంటే ఆరంగుళాల పలక కూడా ఒక్కసారికి తెగదు. ఇప్పుడు 8 అంగుళాల స్లైడింగ్, బాష్ జీసీఎం 8 ఎస్‌జేఎల్. బ్లేడు 216 మిల్లీమీటర్లు, బరువు 17.3 కిలోలు, కోత 70 మిల్లీమీటర్ల మందం, 312 మిల్లీమీటర్ల వెడల్పు. అడుగు వెడల్పు ఉన్న అల్మారా పలక, మెట్టు పలక ఒక్క లాగుడులో తెగిపోతాయి. మందంలో రెండింటికీ తేడా ఒక్క మిల్లీమీటరే చూడండి, బ్లేడు చిన్నదైనా. ఎల్ఎస్1040 మీద ఇరుకైన కర్రను నిలబెట్టి 93 మిల్లీమీటర్ల ఎత్తు దాకా కోయొచ్చు, అది దాని లాభం. కానీ ఇంటి పనిలో మూడున్నర అంగుళాల మందం ఎన్నిసార్లు వస్తుంది?

వెడల్పు చాలనప్పుడు పలకను తిరగేసి రెండో వైపు నుంచి కోస్తాం కదా, అదే నన్ను ఏడాదంతా ఏడిపించింది. మా అమ్మ పూజ సామాన్ల కోసం వేప పలకలతో అల్మారా చేశాను, ఎనిమిదంగుళాల వెడల్పు పలకలు పద్నాలుగు. ప్రతిదీ తిరగేసి రెండు కోతలు. రెండు కోతలు కలిసేచోట వెంట్రుక మందం మెట్టు ఒకటి మిగిలేది, దాన్ని చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది సరిచేయడానికి కోతకన్నా ఎక్కువ సమయం పోయేది. స్లైడింగ్ కొన్నాక మొదటి రోజే అలాంటి పలకలు పది కోశాను, ఒక్కదానికీ మెట్టు లేదు.

పెద్ద బ్లేడు వేగంగా, బలంగా కోస్తుందనుకుంటారు. లెక్క వేసి చూడండి. 216 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 5500 సార్లు తిరుగుతుంది, 260ది, అంటే 10 అంగుళాల రకంది 4600 సార్లు, 305 మిల్లీమీటర్లది, అంటే 12 అంగుళాలది 3800 దగ్గర తిరుగుతుంది. పళ్ళు చెక్కను తాకే వేగం మూడింటిలోనూ సెకనుకు దాదాపు 60 మీటర్లే వస్తుంది. పెద్ద బ్లేడు ఇచ్చేది లోతు, వేగం కాదు. పైగా చిన్న బ్లేడు గట్టిగా నిలబడుతుంది, పెద్దది అంచు దగ్గర సన్నగా అదురుతుంది. ఫొటో ఫ్రేముల మూలలు అతికించేటప్పుడు ఆ అదురు కళ్ళకు కనిపిస్తుంది.

మరి 10 అంగుళాల స్లైడింగ్ ఎవరికి? గుమ్మాలు చేసేవాళ్ళకు. మన దగ్గర 5 బై 3 గుమ్మం, అంటే 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం ఉన్న కర్రది, మామూలే. 3 అంగుళాలంటే 76 మిల్లీమీటర్లు, 8 అంగుళాల స్లైడింగ్‌కు 70 దాటి అందదు. చిత్రిక పట్టాక పావు అంగుళం తగ్గి రెండుంముప్పావు మిగిలినా అది కూడా దాదాపు 70, కర్ర కాస్త ఉబ్బి ఉంటే బ్లేడు అడుగు దాకా దిగదు. మకిటా ఎల్ఎస్1018ఎల్ లాంటి 10 అంగుళాల స్లైడింగ్‌కు మందం 91, వెడల్పు 310, బరువు 20 కిలోల లోపే. 5 బై 3 హాయిగా తెగుతుంది. బ్లేడుల సంగతిలో కూడా ఇదే మేలు, 10 అంగుళాల బ్లేడు మా ఊళ్ళో మంచి హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతుంది, 216ది నేను ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాను. అయితే ధర బాగా ఎక్కువ, వసారాలో పెడితే చోటు తినేస్తుంది. 12 అంగుళాలది ఇంటికి వద్దు. 25, 30 కిలోలు ఉంటుంది, ఒక్కరు ఎత్తి పక్కన పెట్టలేరు, మంచి బ్లేడు ధర కూడా బాగా పెరుగుతుంది.

స్లైడింగ్‌తో కొన్ని ఇబ్బందులు తప్పవు, అవి ముందే తెలియాలి. చాలా మోడళ్ళలో కడ్డీలు వెనక్కు జరుగుతాయి, అంటే మిషన్ వెనక గోడకు అడుగు పైనే ఖాళీ వదలాలి. నేను ఇది ఆలోచించకుండా బల్లను గోడకు ఆనించి కట్టించాను, తర్వాత మొత్తం ముందుకు లాక్కోవాల్సి వచ్చింది. మకిటా ఎల్ఎస్1019ఎల్ లాంటి వాటిలో కడ్డీలు వెనక్కు పొడుచుకు రావు, గోడకు దగ్గరగా పెట్టుకోవచ్చు. చోటు ఇరుకైతే ఆ ఒక్క కారణానికే అదనపు డబ్బు పెట్టొచ్చు. రెండోది, జరిగే భాగం ఉన్నచోట లూజు వస్తుంది. చవక స్లైడింగ్‌లలో తలను పూర్తిగా ముందుకు లాగి పక్కకు నెడితే చేతికి ఆట తెలుస్తుంది. అలాంటి స్లైడింగ్ కన్నా మంచి మామూలు మైటర్ సా ఎంతో నయం, ఇందులో నాకు అనుమానం లేదు. మూడోది మా సముద్రపు గాలి. రెండు వారాలు తుడవకపోతే కడ్డీల మీద తుప్పు చుక్కలు వస్తాయి. పొడిగుడ్డతో తుడుస్తాను, నూనె పూస్తే రంపపు పొట్టు అంటుకుని జిడ్డుగా తయారవుతుంది కాబట్టి పుయ్యను.

కోసే పద్ధతి కూడా వేరు, దీన్ని మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. మామూలు దానిలో తలను కిందకు దించితే సరి. స్లైడింగ్‌లో ముందుగా ఆపి ఉన్న తలను మీవైపు లాగాలి, స్విచ్ వేసి బ్లేడు పూర్తి వేగం అందుకున్నాక కిందకు దించాలి, అప్పుడు వెనక్కు నెడుతూ కోయాలి. తిరుగుతున్న బ్లేడును చెక్కలో దించి మీవైపు లాగితే పళ్ళు చెక్క పైకెక్కి తల మొత్తం మీ మీదకు దూకుతుంది. చెయ్యి బ్లేడుకు కనీసం ఆరంగుళాల దూరంలో ఉండాలి, అంతకన్నా పొట్టి ముక్కైతే చేత్తో పట్టుకోకుండా క్లాంపు బిగించాలి. వంగిన కర్రైతే ఉబ్బు వైపు మిషన్ వెనకనున్న ఆనుడు పట్టీకి, అంటే ఫెన్స్‌కు ఆనించాలి, తిరగేసి పెడితే కోత మూసుకుపోయి బ్లేడును పట్టేస్తుంది. లుంగీ, కండువా, చేతి గ్లవ్స్ ఏవీ మిషన్ దగ్గర వద్దు. చెవులకు ప్లగ్గులు, కళ్ళకు అద్దాలు కావాలి. పొట్టు సంచి ఏ కంపెనీది చూసినా సగం పొట్టు బయటే పడుతుంది, అందుకే మాస్కు తప్పనిసరి. చెక్క ధూళిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చి చాలా ఏళ్ళయింది.

కరెంటు గురించి క్లుప్తంగా. 1600 వాట్ల మిషన్ 230 వోల్టుల మీద 7 ఆంపియర్లు తీసుకుంటుంది, స్విచ్ వేసిన క్షణంలో ఇంకా ఎక్కువ. మామూలు 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు, గీజరుకు వాడే 16 ఆంపియర్ల పాయింటు కావాలి, సన్న ఎక్స్‌టెన్షన్ వైరు వాడొద్దు. అమెరికాలో చుట్టాలు డిస్కౌంటులో కొని పంపిస్తామంటే వద్దని చెప్పండి. అక్కడివి 120 వోల్టులవి, ఇక్కడ నడపాలంటే మోయలేనంత పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొనాలి, బ్లేడు మధ్య రంధ్రం కూడా మన దగ్గర దొరికే వాటికి సరిపోదు. మీరే అక్కడ గ్యారేజీలో పని చేసుకుంటుంటే అది వేరే సంగతి, అప్పుడు 10 అంగుళాల స్లైడింగే తీసుకోండి, అక్కడ దానికి బ్లేడులు ప్రతి షాపులోనూ ఉంటాయి.

మిషన్ మీద పెట్టే డబ్బులో కొంత బ్లేడుకు దాచుకోండి. పెట్టెతో వచ్చే బ్లేడు సాధారణంగా తక్కువ పళ్ళది, గుమ్మాల కోతకు బాగానే ఉంటుంది కానీ అంచులకు కొట్టే సన్న బద్దలు, అంటే బీడింగ్ కోస్తే అంచు చిరుగుతుంది. 216 మిల్లీమీటర్లకు 48 పళ్ళది, 10 అంగుళాలకు 60 లేదా 80 పళ్ళది తీసుకుంటే కోసిన చోట ఉప్పుకాగితం కూడా అక్కర్లేదు. స్లైడింగ్‌కు పళ్ళు వెనక్కు వాలి ఉన్న బ్లేడు అడగండి, అది చెక్కను లాగేసుకోదు. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేడు పదును త్వరగా పోతుంది. అడితి నుంచి పాత టేకు తెస్తే ముందు మేకులు ఉన్నాయేమో అయస్కాంతంతో వెతకండి, నా రెండో బ్లేడుకు మూడు పళ్ళు అలాగే పోయాయి.

అల్మారాలు, స్టూళ్ళు, ఫ్రేములు, మెట్టు పలకలు చేసే ఇంటికి 8 అంగుళాల స్లైడింగే నా ఓటు. కేవలం బీడింగ్, ఫొటో ఫ్రేములు, నాలుగంగుళాల లోపు బద్దలే కోస్తారా, 11 కిలోల మామూలు మైటర్ సా కొని మిగిలిన డబ్బుతో ఖరీదైన బ్లేడు కొనండి, కోత స్లైడింగ్ కన్నా శుభ్రంగా వస్తుంది. గుమ్మాలు మీరే చేసుకుంటానంటే 10 అంగుళాల స్లైడింగ్, మధ్యేమార్గం లేదు. వెలుతురు సంగతికొస్తే లేజర్ గీత ఉన్నదానికన్నా బ్లేడు నీడ చెక్క మీద పడేలా పైన బల్బు ఉన్నది మేలు, డివాల్ట్ డీడబ్ల్యూఎస్780లో ఉన్నట్టు. లేజర్ గీతను మళ్ళీ మళ్ళీ సరిచేసుకోవాలి, నీడకు ఆ బాధ లేదు.

కొనేరోజు షాపుకు ఇంటి నుంచి ఒక తిన్నని పలక తీసుకెళ్ళండి, నాలుగైదు అంగుళాల వెడల్పుది. దాన్ని మధ్యలో తిన్నగా కోయించి, ఒక ముక్కను తిరగేసి, రెండు ముక్కల పొడుగంచులూ ఒకే తిన్నని పట్టీకి ఆనించి, కోసిన అంచులు రెండూ తాకేలా చదునైన బల్ల మీద పక్కపక్కన పెట్టండి. కోణంలో తప్పు ఉంటే రెండింతలై సందులా కనిపిస్తుంది, మూలమట్టం లేకుండానే తెలిసిపోతుంది. సందు ఉందని మిషన్ వదిలేయకండి, ఫెన్స్ బోల్టులు వదులు చేసి సరిచేయమని అడగండి, పది నిమిషాల పని. రెండోసారి కోసినా సందు అలాగే ఉంటే, లేదా తలను ముందుకు లాగి పక్కకు కదిపితే ఆట తెలిస్తే, అదే మోడల్‌లో ఇంకో పెట్టె తెరిపించండి.