మందులు షీటులోనే ఉంచాలా, వారం డబ్బాలో సర్దుకోవాలా? ఏది మేలు?

మా అమ్మకి రోజుకి ఏడు బిళ్లలు. పరగడుపున థైరాయిడ్‌ది. పొద్దున తిన్నాక బీపీది, షుగర్‌ది, రక్తం పలచబడటానికి ఒకటి. మధ్యాహ్నం కాల్షియం. రాత్రి మళ్లీ షుగర్‌ది, దాంతోపాటు కొలెస్ట్రాల్‌ది. ఏడాది కిందటిదాకా ఇవన్నీ ఒకే కవర్లో షీట్లుగా ఉండేవి. ఒకరోజు రాత్రి పడుకోబోతూ అడిగింది, "షుగర్ బిళ్ల వేసుకున్నానంటావా?" అని. నాకేం తెలుసు? ఇద్దరం కవరు బోర్లించి, ఏ షీటు ఎప్పుడు మొదలుపెట్టామో వేళ్లమీద లెక్కేశాం. లెక్క తేలలేదు. షుగర్ బిళ్ల రెండోసారి పడితే కళ్లు తిరిగి పడిపోతుందేమోనని భయం, అసలు పడకపోతే పొద్దున రీడింగ్ ఎంత చూపిస్తుందోనని టెన్షన్. చివరికి వేయకుండానే పడుకోబెట్టాను.

మర్నాడే డబ్బా కొన్నాం. ఏడు రోజులు, రోజుకి నాలుగు గళ్లు, మొత్తం 28. ఏడాదిగా వాడుతున్నాం. ఇప్పుడెవరైనా ఏది మేలని అడిగితే, ముందు ఎవరికి, ఏ మందుకి అని నేనే ఎదురు అడుగుతున్నాను.

డబ్బా బలమంతా ఒక్కచోటే ఉంది. వేసుకున్నామా లేదా అన్న అనుమానం దాంతో తీరిపోతుంది. గురువారం రాత్రి గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టు, లేకపోతే లేనట్టు. షీటు ఈ సంగతి చెప్పలేదు. ఫోన్లో అలారం పెట్టుకుంటే చాలదా అంటారు కొందరు. మేమూ పెట్టాం. అది మోగుతుంది, చెయ్యి వెళ్లి దాన్ని ఆపేస్తుంది, "వేసుకుందాంలే" అనుకుంటుండగా ఎవరో పిలుస్తారు, అంతే. అలారం వేళ గుర్తుచేస్తుంది కానీ బిళ్ల మింగారో లేదో దానికేం తెలుసు? డబ్బాకి తోడుగా బాగానే పనికొస్తుంది, ఒక్కదాన్నే నమ్ముకోలేం.

ఇక షీటు సంగతి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ తేదీ, అన్నీ దానిమీదే ఉంటాయి. బిళ్ల డబ్బాలోకి వెళ్లిందంటే ఇవేవీ దాని వెంట రావు. మిగిలేది ఒక చిన్న తెల్లటి గుండ్రటి బిళ్ల. అమ్మ మందుల్లో అలాంటివి మూడున్నాయి. ఒక ఆదివారం సర్దుతూ ఫోన్ మాట్లాడాను. ఒక గడిలో బీపీ బిళ్ల పడాల్సిన చోట రెండో షుగర్ బిళ్ల పడింది. మంగళవారం షీట్లు చూస్తుంటే షుగర్‌ది ఒకటి తక్కువైంది, బీపీది ఒకటి ఎక్కువుంది. అదృష్టం కొద్దీ ఆ గడి శుక్రవారానిది. షీటులోంచి నేరుగా తీసుకుంటే పొరపాటు జరిగినా ఒక్క పూటకే. డబ్బా సర్దేటప్పుడు జరిగితే అది మనకి తెలియకుండా వారమంతా ఉండిపోవచ్చు. ఇది దాని అసలు లోపమని నా అభిప్రాయం.

ఇంకోసారి అమ్మకి ఒంట్లో బాగోక హడావుడిగా ఆసుపత్రికి వెళ్తూ డబ్బా ఒక్కటే పట్టుకెళ్లాను. డ్యూటీ డాక్టరు మూత తెరిచి చూసి, "వీటి పేర్లేమిటి?" అన్నారు. నాకు రంగులు తెలుసు, పేర్లు సగమే తెలుసు. అప్పట్నుంచి డబ్బాలో బిళ్లలు ఖాళీ అయ్యేదాకా వాటి షీట్లేవీ పారేయడం లేదు. షీటు కత్తిరించేటప్పుడు కూడా ఎక్స్‌పైరీ ముద్ర ఏ కొసన ఉందో చూసుకుని రెండో కొసనుంచి మొదలుపెడతాం.

అన్ని మందులూ డబ్బాలోకి రావు. కొన్ని గాలి, తేమ తగిలితే పాడవుతాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిసరిన్ బిళ్లలు వచ్చిన గాజుసీసాలోనే ఉండాలి, ప్లాస్టిక్ డబ్బాలో పెడితే వాటి శక్తి తగ్గిపోతుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే డాబిగాట్రాన్ క్యాప్సూళ్లూ, మూర్ఛకి వాడే సోడియం వాల్‌ప్రోయేట్ బిళ్లలూ అంతే, వేసుకునే క్షణందాకా వాటి ప్యాకింగ్‌లోనే ఉండాలి. నోట్లో కరిగిపోయేవి, నీళ్లలో పొంగేవి సరేసరి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది వారానికి ఒక్కసారే వేసుకునే మందులతో. కీళ్లవాతానికి, సోరియాసిస్‌కి ఇచ్చే మెథోట్రెక్సేట్ అలాంటిది. దాన్ని పొరపాటున రోజూ వేసుకుంటే ఎముకల్లోని మూలుగ దెబ్బతిని రక్తకణాలు పడిపోతాయి. ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. ఈ పొరపాట్లు ఆగడం లేదనే 2019లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ, ఈ బిళ్లలు సీసాల్లో కాకుండా షీట్లలో రావాలని, వారానికి ఒక్కసారే అన్న సంగతి ప్యాకింగ్‌మీద స్పష్టంగా ఉండాలని సిఫారసు చేసింది. ఇలాంటిది రోజువారీ బిళ్లల మధ్య ఒక గడిలో కలిసిపోతే ప్రమాదం. దాని షీటు వేరే పెట్టుకుని, షీటుమీదే ఏ రోజు వేసుకోవాలో పెన్నుతో రాసుకోవడం నయం.

అవసరమైతేనే వేసుకునే నొప్పి బిళ్లలకి డబ్బాలో చోటివ్వకూడదు. గడిలో ఉంటే నొప్పి ఉన్నా లేకపోయినా చెయ్యి తీసేసుకుంటుంది. రక్తం పలచబడటానికి ఇచ్చే, డోసు తరచూ మారే వార్ఫరిన్ లాంటివీ అంతే. బుధవారం డాక్టరు డోసు మార్చారంటే వారానికి సర్దిన గళ్లన్నీ తప్పయినట్టే.

పిల్లలున్న ఇంట్లో ఇంకో చిక్కు. ఈ డబ్బాల్లో చాలావాటి మూతలు వేలితో ఎత్తితే వచ్చేస్తాయి. రంగురంగుల గళ్లు చూస్తే పసివాళ్లకి ఆటవస్తువే. గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ బిళ్ల ఒక్కటి మింగినా చిన్నపిల్లల రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. షీటైతే రేకు చించడానికి వాళ్లకి కాస్త టైమన్నా పడుతుంది. ఏదైనా సరే, అందని ఎత్తులో తాళం వేసి పెట్టాల్సిందే.

నేను అస్సలు ఊహించనిది మరొకటి ఉంది. 2016లో ఇంగ్లండ్‌లోని యూనివర్సిటీ ఆఫ్ ఈస్ట్ ఆంగ్లియా పరిశోధకులు, అంతదాకా మందులు సరిగా వేసుకోని పెద్దవాళ్లని ఉన్నట్టుండి డబ్బాకి మారిస్తే కొందరికి ఒంట్లో బాగోలేకుండా పోవచ్చని హెచ్చరించారు. ఆలోచిస్తే నిజమే. మనిషి సగం బిళ్లలు మానేస్తుంటే బీపీ తగ్గదు, డాక్టరు డోసు పెంచుతారు. తర్వాత డబ్బా వచ్చి పెరిగిన డోసంతా ఒక్కటీ వదలకుండా లోపలికి వెళ్తుంది. బీపీ, చక్కెర ఒక్కసారిగా దిగిపోతాయి. అందుకే డబ్బా మొదలుపెట్టే ముందు, ఇన్నాళ్లూ ఎన్ని మానేశారో డాక్టరుకి దాచకుండా చెప్పాలి. మా అమ్మ మొదట ఒప్పుకోలేదు, తర్వాత "వారానికి రెండు మూడు పోయేవేమో" అంది.

రోజుకి ఒకటో రెండో బిళ్లలు, అదీ ఒకే వేళకి వేసుకునేవాళ్లకి డబ్బా దండగ. షీటు వెనక తేదీలు రాసుకుంటే సరిపోతుంది. ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సుకీ షీటే మేలు, ఎన్ని మిగిలాయో కంటికి కనిపిస్తాయి. నాలుగైదు మందులు, రెండు మూడు వేళలు, మతిమరుపు కాస్త మొదలైన మనిషి అయితే మాత్రం డబ్బాకే నా ఓటు. కాకపోతే సర్దేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు అయ్యుండాలి. మా ఇంట్లో ఆదివారం అమ్మ షీటుమీద పేరు చదువుతుంది, నేను గడిలో వేస్తాను, ఫోన్ పక్కగదిలో ఉంటుంది.

డబ్బాతో కొత్తగా ఒక సమస్య వచ్చింది. రాత్రి తొమ్మిదికి మూత తీస్తే పొద్దుటి బిళ్ల అలాగే ఉంటుంది. ఇప్పుడేం చేయాలి? తర్వాతి డోసు వేళ దగ్గరపడితే పాతది వదిలేయాలి, రెండూ కలిపి వేసుకోకూడదు. చాలా మందులకి ఇదే పద్ధతి. అన్నిటికీ ఇదే కాదు కాబట్టి, పోయినసారి వెళ్లినప్పుడు ఒక్కో మందుకీ అడిగి ఏడు వరుసలు రాయించుకున్నాం. ఆ కాగితం ఇప్పుడు డబ్బా అడుగున అంటించి ఉంది.