వర్చువల్ మెషీన్ల సర్వర్‌కు డెబియన్ 12: నా అనుభవం

సెంటోస్ 8 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు 2021 డిసెంబరు 31తో ముగిశాక, ఏళ్ల తరబడి నమ్ముకోదగిన మరో లినక్స్ డిస్ట్రిబ్యూషన్ (లినక్స్ రూపాంతరం) కోసం వెతికి, చివరికి మా ఆఫీసులోని వర్చువల్ మెషీన్లన్నిటినీ (ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ సాయంతో నడిచే విడివిడి కంప్యూటర్లను) డెబియన్ 12 మీదికి మార్చాను. 2023 జూన్ 10న విడుదలైన ఈ వెర్షన్ మొదటి నుంచీ 6.1 కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వరుసనే అంటిపెట్టుకుని ఉంటుంది. భద్రతా సవరణలను కూడా దానికే చేరుస్తారు కనుక, అప్‌డేట్ చేసిన మర్నాడు మెషీన్ల తీరు మారిపోతుందేమోనన్న బెంగ చాలావరకు తగ్గింది. అన్నిటికంటే నాకు నచ్చింది ఇదే.

వర్చువల్ మెషీన్లను నడిపే కేవీఎం, క్యూఈఎంయూ, వాటిని నిర్వహించే లిబ్‌విర్ట్ మూడూ డెబియన్ సొంత రిపోజిటరీలోనే (సాఫ్ట్‌వేర్ భండారంలోనే) దొరుకుతాయి. అయితే ఒక విషయంలో జాగ్రత్త అవసరం. లిబ్‌విర్ట్‌తో వచ్చే డిఫాల్ట్ నెట్‌వర్క్, అంటే 192.168.122తో మొదలయ్యే చిరునామాలు ఇచ్చేది, బూట్ సమయంలో తనంతట తాను మొదలుకాదు. దానికి ఆటోస్టార్ట్ పెట్టడం మరిచిన నేను, మొదటి రీబూట్ తరువాత ఒక్క మెషీన్ కూడా లేవకపోవడంతో గంటసేపు లాగ్‌లు వెతికాను. బయటి కంప్యూటర్లు నేరుగా చేరవలసిన సర్వీసులకు బ్రిడ్జ్ (వర్చువల్ మెషీన్లను ఆఫీసు నెట్‌వర్క్‌కు నేరుగా కలిపే ఏర్పాటు) పెట్టుకోవడమే సరైన పద్ధతి.

మరీ కొత్త హార్డ్‌వేర్‌కు 6.1 చాలకపోతే బ్యాక్‌పోర్ట్స్ (ఇదే వెర్షన్‌కు విడిగా అందించే కొత్త ప్యాకేజీలు) కెర్నెల్ ఉంది. బ్రౌజర్‌లోనే నిర్వహణ కావాలనుకునేవారికి ఇదే డెబియన్ 12 పునాదిగా తయారైన ప్రాక్స్‌మాక్స్ 8 అనే వర్చువల్ మెషీన్ల నిర్వహణ వ్యవస్థ తగినది. దీర్ఘకాలిక మద్దతు 2028 జూన్ వరకు ఉన్నందున, నడుస్తున్న సర్వర్‌ను తొందరపడి మార్చనవసరం లేదు. ఇప్పుడు కొత్తగా పెట్టేవారు మాత్రం 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13తోనే మొదలుపెట్టడం మంచిది.