టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200జి: ఏళ్ళ తరబడి వాడిన తరువాత

టెక్నిక్స్ కంపెనీ చేసిన రికార్డులు వినే టర్న్‌టేబుల్ ఎస్‌ఎల్-1200జి 2016లో వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 4,000 డాలర్లు. 2010లో తయారీ ఆపేసిన పాత 1200 అందులో చిన్న వంతుకే దొరికేది. అందువల్ల, చూడటానికి అచ్చం అలాగే ఉన్న యంత్రానికి ఇంత ధర ఏమిటన్న ఆక్షేపణ అప్పట్లోనే గట్టిగా వినిపించింది. ఆ ఆక్షేపణ పైరూపాన్ని చూసి చేసినది. లోపల పాతదాని నుంచి తెచ్చుకున్నది దాదాపు ఏమీ లేదు. అయితే లోపల మారినదంతా చెవికి అందుతుందా, అందినంత మేరకు ఆ ధర సమంజసమేనా అన్నవి వేరే ప్రశ్నలు. వాటికి సమాధానం ఏళ్ళ తరబడి వాడితే తప్ప దొరకదు.

రికార్డును మోసే పళ్ళెమైన ప్లాటర్‌ను బెల్టుతో కాకుండా నేరుగా మోటారే తిప్పే పద్ధతిని టెక్నిక్స్ 1970లో ఎస్‌పి-10తో తెచ్చింది. బెల్టు పక్షం వారు దానిపై మొదటి నుంచీ చెబుతూ వచ్చిన అభ్యంతరంలో నిజం ఉంది. మామూలు మోటారులో అయస్కాంతాలు కాయిల్ చుట్టిన ఇనుప కోర్ మీదుగా వెళ్ళే ప్రతిసారీ చిన్న గుంజు వస్తుంది. ఆ మోటారే ప్లాటర్‌కు ఇరుసు అయినప్పుడు ఆ గుంజులు తిన్నగా ముల్లు దాకా చేరగలవు. 1200జి రూపకర్తలు ఆ ఇనుప కోర్‌నే తీసేశారు. కాయిల్‌కు పైనా కిందా అయస్కాంతాలున్న జంట రోటర్ (మోటారులో తిరిగే భాగం) అమర్చి, తిప్పే బలం తగ్గకుండానే బేరింగ్ మీద పడే భారాన్ని తగ్గించారు. తిరిగే వేగాన్ని ఎన్‌కోడర్ నిరంతరం కనిపెట్టి సరిదిద్దుతుంటుంది. పైన ఇత్తడి, మధ్యన అల్యూమినియం, అడుగున రబ్బరు కలిసిన ప్లాటర్ దాదాపు 3.6 కిలోలు, మొత్తం యంత్రం 18 కిలోలు. వేగంలో హెచ్చుతగ్గులు 0.025 శాతమని కంపెనీ ప్రకటించింది.

ఆ అంకె సంగీతంలో ఏమవుతుందన్నది తెలుసుకోవడానికి కర్ణాటక సంగీతాన్ని మించిన పరీక్ష నాకు కనిపించలేదు. తంబురా శ్రుతి వెనుక ఎడతెగకుండా సాగుతుంటుంది కనుక, వేగం రవంత కదిలినా గాయకుడి కంటే ముందు అదే పట్టిస్తుంది. అంతకుముందు నా దగ్గరున్న మధ్యస్థాయి బెల్టు యంత్రంలో ఆ శ్రుతి అంచు కొంచెం మసకబారినట్టు ఉండేదని 1200జిలో విన్న తరువాతే గుర్తించగలిగాను. ఇక్కడ వైణికుడు తీగను లాగి నిలిపిన స్వరం నిలిచినచోటే నిలుస్తుంది, మృదంగం ఎడమ పక్క తొప్పి దెబ్బ సాగకుండా తెగుతుంది. కరెంటు పోయి ఇల్లు ఇన్వర్టర్ మీదికి మారినప్పుడు కూడా వేగంలో తేడా రాకపోవడం మన ఊళ్ళలో చిన్న విషయం కాదు. కరెంటు ఫ్రీక్వెన్సీని నమ్ముకుని తిరిగే పాత ఏసీ మోటార్లకు ఆ నిశ్చింత లేదు.

ధర గురించి ఆలోచించేవారు గమనించవలసింది మరొకటి ఉంది. రికార్డు నడిమి రంధ్రం ముద్రణలోనే 0.2 మిల్లీమీటర్లు పక్కకు జరిగిందనుకుందాం. కేంద్రం నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న గాడిలో దానివల్ల వచ్చే వేగపు తేడా అటూ ఇటూ 0.2 శాతం ఉంటుంది. అంటే ఎల్పీలు తిరిగే నిమిషానికి 33⅓ చుట్ల వేగంలో ప్రతి 1.8 సెకన్లకు ఒకసారి స్వరం పైకీ కిందికీ ఊగుతుంది. మోటారులో మిగిలిన లోపానికి అది ఎన్నో రెట్లు. నా దగ్గరున్న రికార్డుల్లో అంతకంటే ఎక్కువ పక్కకు జరిగినవీ తక్కువేమీ కాదు. ఈ లోపాన్ని యంత్రమే సరిదిద్దాలని 1980ల తొలినాళ్ళలో నకమిచి టిఎక్స్-1000 అనే టర్న్‌టేబుల్ చేసి చూపించింది. అది రికార్డును తానే కొలిచి, కేంద్రానికి జరిపేది. నా దృష్టిలో అసలైన నవకల్పన అదే, కానీ ఆ దారిన నడిచినవారు చాలా తక్కువ. కాబట్టి 0.025 కంటే చిన్న అంకెను చూపించి రెండు మూడు రెట్లు ధర అడిగే యంత్రాలను నేను అనుమానంగానే చూస్తాను.

నాకు ఈ యంత్రం బాగా అక్కరకు వచ్చింది మాత్రం మా ఇంట్లో మిగిలిన, నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల దగ్గర. ఎల్పీ ముల్లు వాటి వెడల్పు గాడిలో అడుగుకు జారి బరబరమంటుంది. వాటికి దాదాపు 75 మైక్రాన్ల కొన ఉన్న ముల్లు కావాలి. ముల్లు ఉండే కార్ట్రిడ్జ్‌ను పట్టుకునే హెడ్‌షెల్ విప్పి మరొకటి బిగించడం, దాన్ని రికార్డు మీద మోసే చేయి అయిన టోన్‌ఆర్మ్ ఎత్తును 6 మిల్లీమీటర్ల దాకా రింగు తిప్పి మార్చడం ఇక్కడ క్షణాల్లో అయిపోతాయి. పైగా ఆ రికార్డులన్నీ కచ్చితంగా 78 వేగంలోనే ముద్రించినవి కావు. వేగాన్ని 16 శాతం దాకా అటూ ఇటూ జరపగల మీట ఉంది కనుక, నాటక పద్యాల వెనుక వినిపించే హార్మోనియంను నా హార్మోనియం మెట్టుకు కలుపుకుని వింటాను. 78 బదులు 74లో తిరిగితే దాదాపు ఒక స్వరస్థానమే దిగిపోతుంది. ఆ మేరకు గాయకుడి గొంతు కూడా వేరే మనిషిదైపోతుంది. ఈ మీటను డీజేల సరంజామాగా కొట్టిపారేసేవారి ఇళ్ళలో పాత పద్యాల రికార్డులు లేవనుకుంటాను.

టోన్‌ఆర్మ్ మెగ్నీషియంతో చేసినది, బేరింగులు బిగువుగా, నిశ్శబ్దంగా ఉన్నాయి. అయినా మోటారులో కనిపించినంత సాహసం అందులో లేదు. ఆ విషయంలో ఇంగ్లండ్‌లో టర్న్‌టేబుళ్ళు చేసే రేగా వారి ఆలోచనే నాకు ఎక్కువ నచ్చుతుంది. బరువు పెరిగితే యంత్రం కంపనాల శక్తిని దాచుకుంటుందన్న వాదంతో వారు ప్లానర్ 10ను మధ్యన నురగ నింపిన చట్రం మీద 5 కిలోల లోపే నిలిపారు, ఖర్చులో పెద్ద వాటా ఆర్మ్ మీద, సిరామిక్ ప్లాటర్ మీద పెట్టారు. పూర్తిగా ఎదురెదురు సిద్ధాంతాలతో చేసిన ఈ రెండూ గొప్పగా పలుకుతాయి కనుక, బరువును చూసి ధర కట్టడం అర్థం లేని పని.

ఇక 2017లో వచ్చిన తమ్ముడు 1200జిఆర్ సంగతి. ధర సగం కంటే తక్కువ, రోటర్ ఒక్కటే, ప్లాటర్‌కు ఇత్తడి లేదు, మొత్తం బరువు 11.5 కిలోలు. కానీ దాని మోటారు కూడా కోర్ లేనిదే, 78 వేగం ఉంది, వేగపు మీట ఉంది. ఒకే కార్ట్రిడ్జ్‌తో రెండింటినీ పక్కపక్కన విన్నప్పుడు మంద్రంలో గట్టితనం, స్వరాల మధ్య నిశ్శబ్దం 1200జిలో మెరుగ్గా ఉన్నాయి. అయితే ఆ తేడా ముల్లు మారిస్తే వచ్చే తేడా కంటే చిన్నది. అందుకే ఎవరైనా అడిగితే జిఆర్ తీసుకుని, మిగిలిన డబ్బులో సగం ఎల్పీలకు మంచి కార్ట్రిడ్జ్ మీద, మిగతాది 78ల కోసం రెండో హెడ్‌షెల్ మీద, రికార్డులు కడిగే యంత్రం మీద పెట్టమంటాను. అవన్నీ ముందే ఉన్నవారికి మాత్రమే 1200జి సిఫారసు చేస్తాను.